ఎంక్వైరీ ఫారంలో చెత్త: ఎర గడా, క్యాప్చానా, వాట్సాప్ బటనా – ఏది మేలు?

కూకట్‌పల్లిలో ఓ కేటరింగ్ సైటుకు వచ్చే ఎంక్వైరీ అనుకోండి. పేరు దగ్గర అర్థంలేని అక్షరాల మూట, ఫోన్ నంబరు 8తో మొదలై 11 అంకెలు, కింద మూడు లింకులు. ఫంక్షన్ ఏ తేదీనో, ఎన్ని ప్లేట్లో మాటే లేదు. ఇది బాట్ (తనంతట తానే ఫారాలు నింపే ప్రోగ్రాం) పని. దాని పక్కనే ఇంకొకటి: ‘మీ సైట్ చూశాం, గూగుల్ మొదటి పేజీలోకి తెస్తాం.’ దీన్ని మనిషే కూర్చుని పంపి ఉండొచ్చు. రెండింటికీ ఒకే మందు పనిచేయదు. కాబట్టి ముందు నెల రోజుల చెత్తను ఈ రెండు కుప్పలుగా విడదీసి చూడండి. బాట్ల కుప్పే పెద్దదైతే మొదట పెట్టాల్సింది ఎర గడి.

ఎర గడి అంటే హనీపాట్. మనిషి కంటికి కనపడని ఒక ఖాళీ గడిని ఫారంలో పెడతాం. బాట్ అన్ని గడులూ నింపుకుంటూ పోతుంది కాబట్టి దాన్నీ నింపుతుంది. ఆ గడిలో ఏదైనా ఉంటే ఆ ఎంక్వైరీ చెత్తే. ఖర్చు లేదు, కస్టమర్‌కు ఇబ్బంది లేదు. కానీ పెట్టే తీరులోనే తప్పులు జరుగుతాయి. గడిని పేజీలోంచి పూర్తిగా మాయం చేసే ‘డిస్‌ప్లే నన్’ కోడ్‌తో దాచితే కొన్ని బాట్లు పసిగట్టి వదిలేస్తాయి, గడిని స్క్రీన్ బయటికి నెట్టడం మేలు. ట్యాబ్ కీ, స్క్రీన్ రీడర్ (తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఆ గడిని దాటేసేలా కోడ్‌లో tabindex="-1", aria-hidden="true" పెట్టకపోతే స్క్రీన్ రీడర్ వాడే చూపులేనివాళ్లు ఆ గడిలో చిక్కుకుంటారు. దానికి ‘కంపెనీ’, ‘ఫోన్’ లాంటి పేర్లు అసలు వద్దు. బ్రౌజర్ ఆటోఫిల్ వాటిని తనే నింపేస్తుంది, 500 ప్లేట్ల పెళ్లి ఆర్డరు చెత్తబుట్టలో పడుతుంది.

దీనికి తోడు టైమ్ చెక్ కూడా పెట్టండి. పేజీ తెరిచిన 3 సెకన్లలోపే ఫారం వచ్చేసిందంటే అది మనిషి టైప్ చేసింది కాదు. ఇక్కడో మెలిక ఉంది. సైటులో పేజీ క్యాష్ (ముందే తయారుచేసిన కాపీనే అందరికీ చూపే సదుపాయం) ఆన్‌లో ఉంటే, సర్వర్ అచ్చువేసిన సమయం నిన్నటిదో మొన్నటిదో అవుతుంది. అప్పుడు ప్రతి బాటూ గంటల తరబడి ఆలోచించి రాసినట్టే లెక్క! ఆ సమయాన్ని జావాస్క్రిప్ట్‌తో, పేజీ తెరుచుకున్నప్పుడే నమోదు చేయాలి.

ఫోన్ గడికి పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు అన్న నియమం మంచిదే. అయితే +91, ముందు సున్నా, మధ్యలో ఖాళీలు తీసేశాకే లెక్కపెట్టండి. అమెరికా నుంచి అబ్బాయి ఇక్కడి పెళ్లికి భోజనాలు మాట్లాడటం హైదరాబాద్‌లో మామూలే కాబట్టి విదేశీ కోడ్‌తో వచ్చిన నంబర్లను తిరస్కరించకుండా పక్కన పెట్టి చూడండి. పేరు గడిలో ఇంగ్లిష్ అక్షరాలే ఉండాలనే నియమం మాత్రం తీసేయండి. తెలుగులోనో ఉర్దూలోనో పేరు రాసినవాళ్లను గుమ్మం దగ్గరే వెనక్కి పంపినట్టవుతుంది.

ఇవన్నీ పెట్టాక కూడా బాట్లు వస్తుంటేనే క్యాప్చా (మనిషో బాటో తేల్చే పరీక్ష) జోలికి వెళ్లండి. బస్సులు, ట్రాఫిక్ లైట్లు ఏరమనే బొమ్మల క్యాప్చా ఎండలో ఫోన్ పట్టుకున్న కస్టమర్‌కు శిక్షే. డబ్బిచ్చి మనుషులతో విప్పించుకునే స్పామర్‌ను అదీ ఆపలేదు. గూగుల్ రీక్యాప్చా వీ3 బొమ్మలు అడగదు, 0.0 నుంచి 1.0 వరకు మార్కు వేస్తుంది, మామూలుగా 0.5 దగ్గర గీత గీస్తారు. మార్కు తక్కువొచ్చిన అసలు కస్టమర్‌కు తాను మనిషినని చూపించుకునే దారి అందులో లేదు. పైగా దాని టోకెన్ (పరీక్ష జరిగిందని చూపే చీటీ) 2 నిమిషాలే చెల్లుతుంది. పేజీ తెరవగానే టోకెన్ తీసుకుంటే, ప్లేట్ల లెక్క ఇంట్లో అడిగొచ్చేలోపు గడువు తీరిపోతుంది. సెండ్ నొక్కినప్పుడే తీసుకోవాలి. క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ ఇచ్చే ఇలాంటి తనిఖీ టర్న్‌స్టైల్ ఉచితం, సైటును వాళ్ల దగ్గరికి మార్చక్కర్లేదు, టోకెన్ 5 నిమిషాలు ఉంటుంది, గడువు దాటితే మామూలు సెట్టింగ్‌లో తనే కొత్తది తెచ్చుకుంటుంది. చిన్న వ్యాపారానికి ఈ రెండింట్లో టర్న్‌స్టైలే నయం.

ఏది పెట్టినా సర్వర్ వైపు తనిఖీ లేకపోతే దండగే. కొన్ని బాట్లు మీ పేజీని చూడనే చూడవు, ఫారం చేరాల్సిన చిరునామాకే నేరుగా పంపుతాయి. పరీక్ష సులువు: బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఆపేసి ఫారం పంపండి. మెయిల్ వచ్చిందంటే క్యాప్చా అలంకారానికే ఉన్నట్టు.

మనుషులు పంపే చెత్తకు పదాల వడపోతే గతి. మీ సైటు వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌తో కట్టిందైతే, గూగుల్ మొదటి పేజీ అమ్మేవాళ్లు వాడే ‘బ్యాక్‌లింక్’, ‘గెస్ట్ పోస్ట్’ లాంటి మాటలను ఇంగ్లిష్‌లో దాని నిషిద్ధ పదాల పెట్టెలో వేస్తే కాంటాక్ట్ ఫారం 7 అనే ఫారం ప్లగిన్ కూడా వాటిని పట్టేస్తుంది. ‘ర్యాంక్’ను మాత్రం ఇంగ్లిష్‌లో ఆ పెట్టెలో వేయొద్దు. అమీర్‌పేట కోచింగ్ సెంటరుకు రాసే తల్లిదండ్రులు మొదట రాసేదే అబ్బాయి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు. అకిస్మెట్ అనే స్పామ్ వడపోత ప్లగిన్ ఈ పని బాగా చేస్తుంది, కానీ దాని ఉచిత ప్లాన్ వ్యాపార సైట్లకు వర్తించదు, డబ్బు కట్టాలి. ఐపీలను (నెట్ కనెక్షన్ల చిరునామాలను) బ్లాక్ చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. మొబైల్ డేటాలో ఎందరో ఒకే ఐపీ వెనక ఉంటారు.

ఫారమే తీసేసి వాట్సాప్ బటన్ పెడితే? కేటరింగ్, టైలరింగ్, ఏసీ రిపేర్లకు నిజంగా మంచి దారి. లింకులో wa.me/ తర్వాత 91తో మొదలుపెట్టి ప్లస్, సున్నా, ఖాళీలు లేకుండా నంబరు ఇవ్వాలి. సొంత నంబరు మాత్రం వద్దు, సైటులో పెట్టిన నంబరు ఎవరి చేతికైనా చిక్కుతుంది. స్కూలు, కోచింగ్ సెంటర్లకు ఇది కుదరదు. అడ్మిషన్ల సీజన్‌లో వివరాలన్నీ కౌంటర్ దగ్గరి ఒక్క ఫోన్‌లో చాట్‌ల కింద పూడుకుపోతాయి.

ఫారం ఉంచినవాళ్లు ‘ధన్యవాదాలు, త్వరలో సంప్రదిస్తాం’ అనే ఆటో రిప్లై ఈరోజే ఆపేయండి. బాట్లు ఫారంలో ఎవరెవరివో ఈమెయిళ్లు ఇస్తాయి, మీ సర్వర్ ఆ అపరిచితులందరికీ మెయిల్ పంపుతుంది, చివరికి మీ డొమైనే స్పామర్ల జాబితాకెక్కుతుంది. కొత్త వడపోత పెట్టిన మొదటి రెండు వారాలు పట్టుబడిన వాటిని చెరిపేయకుండా విడి ఫోల్డర్‌లో పడేసి, రోజూ సాయంత్రం ఓసారి చూడండి. అందులో ఒక్క అసలు ఎంక్వైరీ కనిపించినా, ఏ నియమం దాన్ని పట్టిందో చూసి దాన్ని సడలించండి.