నలభై పౌండ్ల మిలిటరీ డేరా: మంచనబెలె వానలో ఒక రాత్రి, గండికోట గాలిలో ఒక రాత్రి

బెంగళూరు కంటోన్మెంట్ స్టేషన్‌ని కన్నడం వాళ్లు 'దండు' అంటారు. 1809లో ఇంగ్లిష్ వాళ్లు ఇక్కడ పటాలాన్ని దించారు, ఆ వాడుక ఇంకా పోలేదు. ఆ స్టేషన్‌కి దగ్గర్లోనే, శివాజీనగర్ గుజరీ సందుల్లో, తుప్పు పట్టిన జాకీల పక్కన నాకీ డేరా దొరికింది. 'ఫార్టీ పౌండర్' అన్నాడు అమ్మినాయన. నలభై పౌండ్లంటే 18 కిలోలు. ఇంటికొచ్చి గుంజలు, మేకులతో కలిపి బాత్రూం తూకం మీద పెడితే 31 చూపించింది. వీపున మోసుకుని కొండెక్కే సరుకు కాదని అప్పుడే తేలిపోయింది. కారు ఆగిన చోటే మన మకాం.

కొనేముందు రెండు పనులు చేయడం మంచిదైంది. తల లోపల దూర్చి గుడ్డని ఎండకు పట్టి చూశాను. చుక్కల్లా వెలుతురు కనిపించిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టాను. తర్వాత మూలలు రెండు చేతులా పట్టి గట్టిగా లాగాను. లోపల కుళ్లిన కాన్వాసైతే కాగితంలా చిరుగుతుంది. అది చిరగలేదు, నాలుగున్నర వేలకు ఇచ్చాడు. చూడనిది ఒక్కటే, అడ్డదూలం. అది వేరే డేరాది. మా డేరా చిల్లు ఒక చోట, దూలం మేకు ఇంకో చోట. పటాలంలో పనికిరాదని వేలం వేసిన సరుకు లాట్లు లాట్లుగా వస్తుంది కాబట్టి ఇలా కలిసిపోతుందట. దుకాణంలోనే ఒకసారి నిలబెట్టి చూపించమని అడిగి ఉండాల్సింది.

రామ్మూర్తినగర్‌లో మా వీధి చివర శామియానా షాపుంది. అక్కడ పనిచేసే పెద్దాయనది కదిరి. డేరా చూపించి, సర్ఫులో నానబెట్టి ఉతికేస్తానన్నాను. తల కొట్టుకున్నాడు.

"సబ్బు నురగ పోయేదెట్ల సార్? అది గుడ్డలో ఉండిపోయి నీళ్లని లోపలికి లాగుతాది. ఉత్త నీళ్లు కొట్టు. కొత్త కుండను నానబెడతారు చూడు, అట్ల. దారం ఉబ్బితే సూది బెజ్జం అదే మూసుకుంటాది."

మూడు వారాంతాలు మేడ మీద అదే పని. మేకులు దిగవు కాబట్టి తాళ్లను నీళ్ల డ్రమ్ములకు కట్టి నిలబెట్టడం, పైపుతో తడపడం, పూర్తిగా ఆరబెట్టడం. మొదటిసారి కుట్ల దగ్గర నీళ్లు సన్నగా కారాయి. మూడోసారికి చాలావరకు ఆగిపోయాయి. నూలు కాన్వాసు గుణం అది. తడిస్తే పోగు లావెక్కి సందులు మూస్తుంది. నైలాన్‌కి ఆ విద్య రాదు.

అయినా పాత గుడ్డ కదా, మందు పూయకుండా వానలోకి తీసుకుపోవడానికి ధైర్యం చాల్లేదు. ఎవరిని అడిగినా ఒక్కో మాట చెబుతుంటే, కప్పుకి రెండు వాలులున్నాయి కదా, ఒక్కోదానికి ఒక్కో మందు వేసి చూద్దామనుకున్నాను. ఎడమ వాలుకి మైనం: అర కిలో పారాఫిన్‌ని వేడినీళ్ల గిన్నెలో పెట్టిన ఇంకో గిన్నెలో కరిగించి, స్టవ్ ఆర్పి, ఆ గిన్నెను ఆరుబయటికి తీసుకెళ్లాక లీటరు టర్పెంటైన్ కలిపాను. టర్పెంటైన్ ఆవిరికి మంట తగిలితే ఇల్లే పోతుంది, అందుకే అంత జాగ్రత్త. ఎండలో వెచ్చబడ్డ గుడ్డ మీద బ్రష్షుతో పూశాను. కుడి వాలుకి పటిక, సబ్బు: ముందు తురిమిన బార్ సబ్బు కరిగించిన వేడినీళ్లు పట్టించి, ఆరకముందే పటిక నీళ్లు పట్టించడం. రెండూ కలిస్తే నీటిలో కరగని కొత్త పదార్థం పోగులోనే తయారై కూర్చుంటుంది. ఇక్కడ డిటర్జెంట్ బిళ్ల పనికిరాదు, నూనెతో చేసిన అసలు సబ్బే కావాలి. కుట్ల మీద తేనెమైనం రుద్ది హెయిర్ డ్రైయర్‌తో కరిగించాను. గిన్నె మా ఆవిడది. దాని సంగతి ఇప్పటికీ వారానికోసారి వస్తుంది.

పరీక్షకు చోటు వెతకడం ఇంకో తలనొప్పి. ఊరి చుట్టూ ఉన్న స్కందగిరి, మాకళిదుర్గ లాంటి కొండలకు ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోవాలి, రాత్రి మకాం కుదరదు. చివరికి సెప్టెంబర్‌లో, బెంగళూరులో వాన బాగా పడే నెల చూసుకుని, మాగడి వైపు అర్కావతి మీద ఉన్న మంచనబెలె డ్యామ్ దగ్గర ఒక ప్రైవేటు క్యాంపు తీసుకున్నాం. సొంత టెంట్ తెచ్చుకున్నా మనిషికి 800. రంగు లైట్లు, పాటలు, చికెన్ కబాబు. లాన్ పచ్చగా తివాచీలా ఉంది. మా బావమరిది దాన్ని చూసి మురిసిపోయాడు. నేనూ మురిశాను, అబద్ధమెందుకు. పచ్చగా ఎందుకుందో రాత్రి ఒంటిగంటకు తెలిసింది. అది చుట్టుపక్కల నేలకంటే జానెడు పల్లంలో ఉన్న పాత వరిమడి.

డేరా వేయడం గురించి. ముందు తలుపు తాళ్లు కట్టేసి నాలుగు మూలలు మేకులకు బిగించాలి. తెరిచి ఉంచి బిగిస్తే తర్వాత తలుపు మూసుకోదు, మేడ మీద ఒకసారి అయింది. తర్వాత రెండు నిట్టాళ్లూ, అంటే నిలువు గుంజలూ, దూలంతో కలిపి ఒకేసారి లేపాలి, ఇద్దరు మనుషుల పని. ముందూ వెనకా పెద్ద తాళ్లు, ఆ తర్వాతే పక్క తాళ్లు. మేకు తల డేరాకు దూరంగా, బయటి వైపుకు వాలి ఉండాలి. నిలువుగా కొడితే తాడు పైకి జారిపోతుంది. క్యాంపు కుర్రాడొకడు మా మేకులన్నీ నిలువుగా కొట్టిపెట్టి యాభై రూపాయలు తీసుకున్నాడు. వాడు వెళ్లాక అన్నీ పీకి మళ్లీ కొట్టుకున్నాం.

పదకొండింటికి వాన మొదలైంది. మావి నూలు తాళ్లు. తడిస్తే నూలు తాడు కురచై బిగుస్తుంది, వదిలేస్తే మేకుల్ని పీకేస్తుంది. గొడుగేసుకుని వెళ్లి అన్నీ కాస్త వదులు చేసి వచ్చాను. లోపల కాసేపు సుఖంగానే ఉంది. ముందు దూలం మేకు చిల్లులోంచి చుక్క పడింది. వేరే డేరా దూలమని చెప్పాను కదా, అక్కడే. కింద స్టీలు టిఫిన్ మూత పెట్టాం. తర్వాత బావమరిది నిద్రలో కాలు చాపి గోడకు ఆనించాడు. తడి కాన్వాసుకు లోపలినుంచి ఏది తగిలినా అక్కడ నీళ్లు దిగడం మొదలవుతుంది. శామియానా పెద్దాయన చెప్పిన చిట్కా గుర్తొచ్చింది. కారే చోట వేలు పెట్టి కింది అంచుదాకా గీత గీశాను. నీళ్లు ఆ గీత పట్టుకుని నేలకు జారిపోయాయి, పరుపు మీద పడలేదు.

ఒంటిగంటకు మడి నిండింది. మా చుట్టూ సాయంత్రమే చిన్న కాలవ తవ్వాం, లాన్ పాడైందని మేనేజరు గొణిగాడు. పక్కన క్యాంపు వాళ్లు అద్దెకిచ్చిన చిన్న గుండ్రటి టెంట్లలోకి అడుగునుంచి నీళ్లు వచ్చాయి. హిందూపురం పిల్లలు నలుగురు దుప్పట్లు నెత్తిన పెట్టుకుని "అన్నా, కాస్త చోటిస్తారా" అంటూ వచ్చారు. ఆరుగురం కూర్చునే తెల్లార్చాం. రెండు వాలుల్లో మైనం వాలు మీద నీళ్లు తామరాకు మీదలా దొర్లిపోయాయి. పటిక వాలు బయట తడిసింది గానీ లోపల చెమర్చలేదు. మొదటి మార్కు మైనానికే వేశాను.

తడి డేరాను కారుకెక్కించడానికి ముగ్గురం పట్టాల్సి వచ్చింది. కాన్వాసును తడిగా మడిచి పెడితే రెండు మూడు రోజుల్లోనే నల్ల మచ్చలు పడి బూజు పడుతుంది. ఆ రోజే మేడ మీద తీగలకు ఆరేశాం. బట్టలారేసే చోటు ఆక్రమించామని అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫొటోతో సహా ఫిర్యాదు వచ్చింది.

డిసెంబర్‌లో గండికోట. బాగేపల్లి, కదిరి, పులివెందుల, జమ్మలమడుగు మీదుగా దాదాపు 280 కిలోమీటర్లు. అత్తయ్య, మా ఆవిడ టూరిజం వాళ్ల హరితలో గది తీసుకున్నారు, గది శుభ్రంగా ఉంది. నేనూ బావమరిదీ ఊళ్లో ఒకాయన స్థలంలో 500 ఇచ్చి డేరా వేశాం. లైట్లు లేవు, పాటలు లేవు. నేల మాత్రం ఒక పక్కకు వాలుగా ఉంది, నీళ్లు నిలవవు. మంచనబెలె తర్వాత నేను మొదట చూసేది అదే. చిక్కల్లా రాయితో. నాలుగంగుళాలు దిగితే బండ, మేకు వంగిపోతుంది. సిమెంటు సంచుల్లో గులకరాళ్లు నింపి తాళ్లు వాటికి కట్టాం. స్థలం ఆయనే సంచులు, పార తెచ్చిచ్చి, వద్దన్నా దగ్గరుండి సాయం చేశాడు. డబ్బిస్తే టీకి చాలన్నాడు.

మసీదు, ధాన్యాగారం, మాధవరాయ ఆలయ గోపురం సాయంత్రంలోపు తిరిగేశాం. పెన్నా లోయ గురించి రాసినవాళ్లు చాలామందున్నారు, నేను రాయను. ఒక మాట, అంచు దగ్గర టెంట్ వేసుకోవాలని ఆశపడకండి. రాత్రి లోయలోంచి వచ్చే గాలి ఎంతుందంటే డేరా గుడ్డ తెరచాపలా కొట్టుకుంది, పెమ్మసాని వారి కోట కింద విడిసిన దండుల గతేమిటా అనుకుంటూ పడుకున్నాను. సంచులు కదల్లేదు.

పొద్దున మంచు. పక్క నైలాన్ టెంట్లో కుర్రాళ్లు లోపల కారిన తేమతో తలలు తుడుచుకుంటున్నారు, మా కాన్వాసు లోపల పొడిగా ఉంది. కానీ మధ్యాహ్నం ఎండకు మైనం వాలు మెత్తబడి, ఎర్రమన్నంతా అంటుకుని గుడ్డ కుంకుమ బొట్టు పెట్టుకున్నట్టయింది. పటిక వాలు మీద దుమ్ము దులిపితే పోయింది. పైగా మైనం రాసిన కాన్వాసు మంటకు తొందరగా అంటుకుంటుంది, అందుకే టీ కూడా బయటే పెట్టుకున్నాం. ఈసారి రెండో వాలుకి కూడా పటికే పట్టిస్తాను. దూలం చిల్లుకి సైకిల్ ట్యూబు వాషరు కోసి పెట్టాను, ఇంకా వానలో చూడలేదు.

డేరా ఇప్పుడు మేడ మీద ఆరుతోంది. కింది పట్టా మీద అత్తయ్య వడియాలు పెట్టారు. గ్రూపులో దానికి ఫిర్యాదు రాలేదు, మూడు ఫ్లాట్ల వాళ్లు వడియాలు అడిగారు.