సూపర్‌హీరో సినిమాలు: నవ్వూ ఫైటూ సరే, గుండె తడి ఎందులో ఉంది?

ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఐదు సినిమాలు పక్కపక్కన పెట్టి చూస్తే నా లెక్కలో మొదటి స్థానం 2021లో వచ్చిన మలయాళ సినిమా ‘మిన్నల్ మురళి’ది. వెంట్రుకవాసి తేడాతో రెండోది ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ మూడో భాగం (2023). మూడోది మన ‘హను-మాన్’ (2024). నాలుగోది ‘ఎవెంజర్స్: ఎండ్‌గేమ్’ (2019). చివరిది ‘థోర్: లవ్ అండ్ థండర్’ (2022). ఫైట్లు, గ్రాఫిక్స్ చూసి ఇచ్చిన ర్యాంకులు కావివి. ఆ లెక్కన చూస్తే వరస దాదాపు తలకిందులవుతుంది. నవ్విస్తూ, ఫైట్లు చేయిస్తూనే మనసును ఎంత లోతుగా తాకిందన్నదే ఇక్కడ నా కొలత.

తిరుపతిలో ఈ సినిమాలకు ప్రేక్షకుల కొరత లేదు. హాస్టళ్ల పిల్లలు ఇంగ్లీషు షో వెతుక్కుంటారు, కుటుంబాలు తెలుగు డబ్బింగ్‌కి వెళ్తాయి. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ వాళ్ళ మాటలు వింటే ఒక ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది: ‘జోకులు ఎక్కువైపోయినాయి, అందుకే ఎమోషన్ పండలేదు’ అని. ఆ మాట దగ్గరే నాకు పేచీ. జోకులు ఎన్ని ఉన్నాయని లెక్కపెడితే ‘గార్డియన్స్’లో తక్కువేం లేవు, అయినా జనం కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు. నవ్వు ఏ చోట పడిందో చూడాలి. దుఃఖం రాకముందు పడిందా, వచ్చిన దుఃఖం మీద పడిందా?

మన ఊరివాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ఎట్లా నడుస్తుందో గుర్తుచేసుకోండి. మొదట బైరాగి వేషం, తర్వాత బండ వేషం, తోటి వేషం. ఒంటికి కుంకుమ, బొగ్గు పూసుకుని, వేపమండలు పట్టుకుని పిల్లలూ పెద్దలూ వీధులన్నీ తిరుగుతారు. ఎదురొచ్చినవాళ్ళను బూతులు తిడతారు, తిట్లు తిన్నవాళ్ళే నవ్వుతారు. ఆడవాళ్ళను చెరిచే పాలెగాడు భయంతో దాక్కుంటే, వాణ్ణి బయటికి లాగడానికి అమ్మవారు వేసిన వేషాలవి. దొర వేషం నాడు వాడు బయటపడతాడు, తల తెగుతుంది. ఆ తర్వాత మాతంగి వేషం. చచ్చిన పాలెగాడి ఇంటి ఆడవాళ్ళ దగ్గరికి గంగమ్మ ఆ రూపంలో వెళ్ళి ధైర్యం చెప్పిందని పెద్దవాళ్ళు చెబుతారు. నవ్వు, నరుకుడు, ఓదార్పు మూడూ ఒకే వారంలో ఉన్నాయి, ఒకదాన్నొకటి చెరపవు. తిట్ల వేషాలు ముందే అయిపోతాయి, ఓదార్పు దాని వంతు వచ్చినప్పుడే వస్తుంది. ఈ వరస చిన్నప్పటి నుంచి చూసిన కళ్ళతోనే నేను సినిమా చూస్తాను.

‘లవ్ అండ్ థండర్’ నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే నాకు బాగా బాధ కలిగించింది అదే. సరుకు లేక చెడిపోయిన సినిమా కాదది. ఎడారిలో, ఎండలో, కూతుర్ని చేతుల్లోనే పోగొట్టుకునే తండ్రితో సినిమా మొదలవుతుంది. ఆ గోర్ పాత్రకు క్రిస్టియన్ బేల్ ప్రాణం పెట్టాడు. ఇంకోపక్క థోర్ మాజీ ప్రేయసి జేన్‌కు నాలుగో దశ క్యాన్సర్. థోర్ మాయా సుత్తి పట్టుకున్నంతసేపూ ఆమె వీరనారి, కానీ ఆ సుత్తే ఆమె ఒంట్లో మిగిలిన సత్తువను లాగేస్తోంది. చివరికి శత్రువు కూతుర్ని థోర్ తన బిడ్డగా పెంచుకుంటాడు. మాతంగి చేసిన పనే ఇది! ఇంత బరువైన కథ ఈ ఐదింటిలో ఇంకొకటి లేదు.

అయినా నా కళ్ళు తడవలేదు. కథకు కాస్త బరువు రాగానే మేకల అరుపో, థోర్ మీద అలిగిన అతని గొడ్డలో అడ్డం పడుతుంది. ఒక మనిషి తన రోగం గురించి చెప్పుకుంటుంటే పక్కనుంచి ఎవరో వెటకారమాడితే మనం ఏం చేస్తాం? రెండోసారికి ఆమె మాటలు మనసు పెట్టి వినడం మానేస్తాం. ఈ సినిమా మనకు అదే అలవాటు చేసింది. ఒక్క నవ్వు మాత్రం సరైన చోట పడింది, అది చెప్పకపోతే అన్యాయం. జేన్ సినిమా అంతా తనకొక పంచ్ డైలాగ్ కోసం వెతుక్కుంటుంది, ఏదీ కుదరదు. ప్రాణం పోయేముందు థోర్ చెవిలో ఏదో చెబుతుంది, అదేమిటో మనకు వినిపించదు. ముందు నవ్వించిన విషయమే అక్కడ గుండెను పిండాలి. కానీ అప్పటికే మేకలు మనల్ని చాలా దూరం లాక్కుపోయాయి.

అదే థోర్ ‘ఎండ్‌గేమ్’లో ఉన్నాడు. లోకంలో సగం ప్రాణుల్ని మాయం చేసిన విలన్ థానోస్ తలను మొదట్లోనే నరికేస్తాడు. తెలుగులో చూసినవాళ్ళకు ఆ థానోస్ గొంతు రానాది, కాబట్టి ఆ తల తెగిన దెబ్బ ఇంకాస్త గట్టిగానే తగిలి ఉంటుంది. కానీ తల తెగినా పోయినవాళ్ళు తిరిగిరారు, నరికినవాడిని ఓదార్చే దిక్కూ లేదు. ఐదేళ్ళ తర్వాత చూస్తే పొట్ట పెరిగి, గడ్డం పెరిగి, బీరు తాగుతూ వీడియో గేములు ఆడుకుంటూ ఉంటాడు. ఆ పొట్ట మీద స్నేహితులందరూ జోకులేస్తారు. హాలంతా నవ్వింది. నాకు మాత్రం అది కుమిలిపోతున్న మనిషి ఒళ్ళు చూసి నవ్వడంలా అనిపించింది. మానసికంగా కుంగిపోయినవాళ్ళు ఇళ్ళలో, హాస్టల్ గదుల్లో ఎంతమంది ఉన్నారో తెలిసిన ఎవరికైనా ఆ నవ్వు చేదుగానే ఉండాలి.

అయితే ఆ సినిమాలోనే దానికి మందు కూడా ఉంది. థోర్ గతంలోకి వెళ్ళినప్పుడు తల్లి ఫ్రిగ్గా కనిపిస్తుంది. ఏదో జరిగిందని ఒక్క చూపులోనే పసిగడుతుంది. ఎవరూ తాము ఎలా ఉండాలో అలా ఉండలేరని, తనెవరో అలా ఉండగలగడమే గొప్ప అని కొడుక్కి ధైర్యం చెబుతుంది. చివర వెళ్ళబోతుంటే, కాస్త సలాడ్ తిను అంటుంది. పొట్ట మీద జోకే ఇది కూడా! కానీ ఈసారి అన్నది అమ్మ, అన్నీ విన్న తర్వాత అన్నది. అదే జోకు స్నేహితుల నోట గుచ్చుకుంది, అమ్మ నోట లాలనగా మారింది. మూడు గంటల ‘ఎండ్‌గేమ్’లో నాకు యుద్ధాలన్నిటికంటే ఆ కొద్ది నిమిషాలు పెద్దవి.

‘గార్డియన్స్’ మూడో భాగంలో దర్శకుడు జేమ్స్ గన్ ఈ పని సినిమా పొడుగునా చేశాడు. గార్డియన్స్ జట్టులోని మాట్లాడే రకూన్ రాకెట్ చావుబతుకుల్లో ఉంటే, వాడి చిన్నతనం ముక్కలు ముక్కలుగా మన ముందుకొస్తుంది. ప్రయోగశాల బోనుల్లో నాలుగు జంతువులు తమకు తామే పేర్లు పెట్టుకుంటాయి. పళ్ళున్నాయి కాబట్టి ఒకటి టీఫ్స్. ఇంకోటి కుందేలు, నేల మీద పడుకుని ఉన్నాను కాబట్టి నా పేరు ఫ్లోర్ అంటుంది. నేల పేరే తన పేరు! హాల్లో అందరూ నవ్వుతారు, నవ్వాల్సిందే. బోనులో పుట్టిన ప్రాణికి నేల తప్ప లోకంలో ఇంకేమీ తెలియదని ఆ నవ్వులోనే ఎక్కడో మనకు అర్థమవుతుంది. తర్వాత తప్పించుకునే రాత్రి ఆ నలుగురిలో ఒకటైన లైలా కాల్పుల్లో పడిపోతుంది. కుందేలు భయంతో ఆ పేర్లే అరుస్తుంది, మనం నవ్విన పేర్లే. అక్కడ దర్శకుడు ఒక్క జోకు కూడా వేయలేదు. ముందు నవ్వించి ఆ ప్రాణుల్ని మనవాళ్ళను చేశాడు, తర్వాత వాటిని మన చేతుల్లోంచి లాక్కున్నాడు. చివర రాకెట్ తనను హింసించినవాణ్ణి చంపకుండా వదిలేసి, బోనుల్లోని పిల్లల్ని కాపాడే పనిలో పడతాడు. ఓదార్పు కూడా దాని చోటనే ఉంది.

‘హను-మాన్’ సంగతి మాట్లాడేటప్పుడు తిరుపతివాళ్ళం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. తిరుమల కొండల్లోని అంజనాద్రే హనుమంతుడి జన్మస్థలమని 2021లో టీటీడీ ప్రకటించింది. సినిమాలో ఊరి పేరు కూడా అంజనాద్రి. ఆ పేరు వినగానే, స్వామి విగ్రహం తెరమీద కనబడగానే మన ఒళ్ళు పులకరిస్తుంది. అది భక్తి. మనం ఇంటి నుంచి మనతోపాటు తెచ్చుకున్నది. సినిమా తన సొంత కష్టంతో సంపాదించుకున్న ఎమోషన్ ఎంత అన్నది వేరుగా తూచాలి.

అలా తూచినా మంచి మార్కులే వస్తాయి. చిల్లర దొంగతనాలు చేసుకునే హనుమంతుకు పగటిపూట, ఎండ ఉన్నంతసేపే శక్తి. సూర్యుడు దిగిపోతే మామూలు కుర్రాడు. దీంట్లో నవ్వూ ఉంది, టెన్షనూ ఉంది, దర్శకుడు ప్రశాంత్ వర్మ రెండింటినీ బాగా వాడుకున్నాడు. గెటప్ శ్రీను, సత్య, వెన్నెల కిశోర్ల కామెడీ మన పల్లెటూరి కామెడీ, ఎక్కడా అరువు సరుకులా ఉండదు. అక్క అంజమ్మగా వరలక్ష్మి శరత్‌కుమార్ నిండుగా ఉంది. తమ్ముణ్ణి తిడుతూనే పెంచే అక్కలు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు! నా అసంతృప్తి ఒక్కటే. అక్క చనిపోయాక ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో చూపించడానికి సినిమా ఆగలేదు, తొందరగా దైవకార్యం వైపు పరుగెత్తింది. అక్క తిట్లు లేని ఇంట్లో ఆ కుర్రాణ్ణి ఇంకో ఐదు నిమిషాలు కూర్చోబెట్టి ఉంటే ఈ సినిమా నా జాబితాలో పైకి ఎగబాకేది.

బాసిల్ జోసెఫ్ తీసిన ‘మిన్నల్ మురళి’కి అంత పెద్ద బలగం లేదు. లోకాన్ని కాపాడే పని కూడా లేదు, ఒక్క ఊరిని కాపాడితే చాలు. ఒకే రాత్రి ఇద్దరి మీద పిడుగు పడుతుంది. ఒకడు జైసన్, అమెరికా పోవాలని కలలు కనే టైలర్. రెండోవాడు షిబు, ఊరంతా పిచ్చివాడని తరిమే ఒంటరి మనిషి. పిడుగు ఇచ్చిన శక్తి ఒకటే. జైసన్ మేనల్లుణ్ణి పక్కన పెట్టుకుని తన శక్తులను పరీక్షించుకుంటుంటే కడుపుబ్బ నవ్వుతాం. షిబు దగ్గర ఆ శక్తి ప్రేమించిన ఉష కూతురి ఆపరేషన్‌కు డబ్బు కావాలని బ్యాంకు దోచే దాకా పోతుంది.

నవ్వునీ దుఃఖాన్నీ ఒకే పాత్రలో కలపకుండా ఇద్దరికీ పంచడం ఈ సినిమా చేసిన తెలివైన పని. అందుకే ఒకటి ఇంకోదాని మీద పడదు. షిబు ఎన్నో ఏళ్ళు ఎదురుచూసిన ఉష చివరికి సరేనన్నప్పుడు, ఆ పాత్ర వేసిన గురు సోమసుందరం ముఖం చూడండి. పెదవులు నవ్వబోతాయి, కళ్ళు ఏడుస్తాయి, ఏది ముందు రావాలో ఆ ముఖానికే తెలియదు. సూపర్‌హీరో సినిమాల్లో విలన్‌కు ఇంత పెద్ద సీన్ ఇచ్చింది నేను ఇంకోటి చూడలేదు. తర్వాత ఊరివాళ్ళు పెట్టిన మంటలు ఉషను మింగేస్తాయి. అక్కడి నుంచి షిబు చేసేవన్నీ ఘోరాలే. హీరో వాణ్ణి ఆపాలని మనం కోరుకుంటాం, వాడి కోసం ఏడుస్తాం కూడా. రెండూ ఒకేసారి జరిగేలా చేయడం కంటే కష్టమైన పని ఈ తరహా సినిమాలో ఇంకేముంది? క్లైమాక్స్ ఫైటు మామూలుగానే ఉంటుంది. అయినా దాని మొదటి స్థానానికి ఢోకా లేదు.

‘ది డార్క్ నైట్’ (2008) లాంటి సినిమాలను ఎందుకు కలపలేదని అడుగుతారేమో. గొప్ప సినిమాయే. కానీ అందులో జోకర్ నవ్వు మనల్ని భయపెట్టడానికి ఉంది. నవ్వించి, కొట్టించి, ఏడిపించాలని అది అనుకోలేదు, కాబట్టి ఈ తక్కెడలో పెట్టడం న్యాయం కాదు.

సెలవుల్లో ఇంట్లో అందరూ కూర్చుని చూడాలంటే ‘హను-మాన్’తో మొదలుపెట్టండి, అమ్మమ్మ నుంచి పిల్లల దాకా అందరికీ పడుతుంది. ‘మిన్నల్ మురళి’ నెట్‌ఫ్లిక్స్‌లో తెలుగులో కూడా ఉంది, హైస్కూలు పిల్లలతో కలిసి చూడొచ్చు. ‘గార్డియన్స్’ మూడో భాగానికి ముందు 2014, 2017లో వచ్చిన రెండు భాగాలూ చూసి ఉండాలి. మూగజీవాలను హింసించే సీన్లు గట్టిగా ఉంటాయి, కాబట్టి చిన్నపిల్లలకు వద్దు. ‘ఎండ్‌గేమ్’ పాత కథలు తెలిసినవాళ్ళకే. ‘లవ్ అండ్ థండర్’ పూర్తిగా చూసే ఓపిక లేకపోయినా, ఎడారిలో గోర్ కూతుర్ని ఎత్తుకుని నడిచే మొదటి ఘట్టం మాత్రం వదలొద్దు.