ట్రైమరాన్ జారుడు బీమ్‌లకు నల్ల యూహెచ్‌ఎండబ్ల్యూ షీట్: ఐదుకు నాలుగు

ఇంట్లో కట్టుకున్న ట్రైమరాన్ (నడుమ ఒకటి, పక్కల రెండు, మొత్తం మూడు డొల్లలున్న పడవ) ట్రెయిలర్ ఎక్కాలంటే వెడల్పు తగ్గాలి. ఫ్రాన్సు ఆస్టస్ పడవల్లోలా ఒక గొట్టంలోకి ఇంకోటి దూరే బీమ్‌లతో పక్క డొల్లల్ని నడిమిదానికి కలిపితే సరిపోతుంది. అవి జారతాయా, ఇరుక్కుంటాయా అన్నది మధ్యలో పెట్టే ప్యాడ్ తేలుస్తుంది. ఈ పనికి 10 మి.మీ. నల్ల యూహెచ్‌ఎండబ్ల్యూ (చాలా పొడవాటి అణువులున్న, గట్టి రకం) పాలిథిలీన్ షీటుకు ఐదుకు నాలుగు మార్కులు. ఒకటి తగ్గించింది జిగురు అంటనందుకు.

ముందు బరువు చూడండి. బీమ్ 2 మీటర్లు బయటికొచ్చి, లోపల 0.5 మీటరు మిగిలితే, చివర 100 కేజీల తోపుకి లోపలి ప్యాడ్ మీద 400, బయటి గొట్టం మూతి దగ్గరి ప్యాడ్ మీద 500 కేజీలు పడతాయి. 60×100 మి.మీ. ప్యాడ్‌కి అది చదరపు మిల్లీమీటరుకు 0.1 కేజీ కూడా కాదు. అయితే బీమ్ వంగగానే బరువంతా ప్యాడ్ అంచుకి చేరుతుంది. కాబట్టి అంచులు గుండ్రంగా చెక్కాలి.

టెఫ్లాన్ ఇంతకన్నా నున్నన, కానీ ఎప్పుడూ బరువు మోస్తుంటే మెల్లగా పక్కలకి పారుతుంది. నైలాన్ నీళ్లు తాగి ఉబ్బుతుంది: షెడ్డులో సరిగ్గా కూర్చున్న బీమ్ సముద్రంలో బిగుసుకుంటుంది. అసిటాల్ అనే గట్టి ప్లాస్టిక్ మంచిదే, తిరిగే రోలర్లకు.

కొనేటప్పుడు ముక్క నీళ్లలో వేయండి. తేలకపోతే నైలానో అసిటాలో అంటగట్టినట్టు. తేలినా సరిపోదు, మామూలు గట్టి పాలిథిలీన్ అయిన హెచ్‌డీపీఈ కూడా తేలుతుంది. అగ్గిపుల్లతో అంచు కాల్చి చూడండి: హెచ్‌డీపీఈ కరిగి చుక్కలు కారుతుంది, యూహెచ్‌ఎండబ్ల్యూ జిగటగా మారినా కారదు. బొగ్గు బంకర్లకు లైనర్‌గా అమ్మే షీటు పడవకీ పనికొస్తుంది. ఎండకి తట్టుకోవాలి కాబట్టి తెలుపు వద్దు.

కోతకు చెక్క పనిముట్లు చాలు. గాడులు చెక్కే రౌటర్ యంత్రాన్ని నెమ్మదిగా తోస్తే ప్లాస్టిక్ కరిగి బిట్‌కి చుట్టుకుంటుంది, చకచకా నడపాలి. ఇసుక కాగితం పెడితే నూగు లేస్తుంది. చిత్రిక పడితేనే నునుపు.

అసలు తంటా బిగింపులోనే. దీనికి ఎపాక్సీ జిగురు దాదాపు అంటదు. మంటతో పైపొరని వెచ్చబెట్టి జిఫ్లెక్స్ అనే సాగే రకం ఎపాక్సీ పూసినా, దాన్ని సాయంగానే తీసుకోండి. మోయాల్సింది స్క్రూలే. పైగా ఈ ప్లాస్టిక్ వేడికి బాగా సాగుతుంది: 300 మి.మీ. పట్టీ 30 డిగ్రీల తేడాకి 1.8 మి.మీ. దాకా పెరుగుతుంది. మధ్యలో గుండ్రటి రంధ్రం, చివర్లలో పొడవాటివి పెట్టండి. కౌంటర్‌సంక్ స్క్రూ వద్దు, దాని శంకు తల పట్టీని కదలనివ్వదు. 5 మి.మీ. స్టెయిన్‌లెస్ పాన్ హెడ్ (తల అడుగు చదునుగా ఉండే) స్క్రూకి వాషర్ వేసి, తల ఉపరితలానికి కనీసం 2 మి.మీ. లోతున ఉండేలా గుంట తీయండి. ప్యాడ్ అరిగి తల బయటపడితే బీమ్ మీద గాడి పడుతుంది.

ప్యాడ్ ఎంత నున్నగా ఉన్నా, రెండు బీమ్‌లలో ఒక్కదాన్నే లాగితే ఇరుకుతుంది, సొరుగు ఒక చివర పట్టి లాగినట్టు. బీమ్‌ల మధ్య దూరం 2.4 మీటర్లు, ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే, లోపలి, బయటి ప్యాడ్ల మధ్య 0.36 మీటరు కన్నా తక్కువ ఉంటే ఎంత లాగినా రాదు. తాడు రెండు బీమ్‌లకీ సమంగా లాగేలా కప్పీలు వేసుకోవాలి.

బీమ్ పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ నేత గరుకు మిగిలితే అది ఆకురాయిలా ప్యాడ్‌ని తినేస్తుంది. 400 నంబరు కాగితం దాకా రుద్ది రెండు భాగాల పాలీయురెథేన్ రంగు వేయండి. గ్రీజు వద్దు, ఇసుకని పట్టి ఉంచుతుంది. మంచినీళ్లతో కడిగితే చాలు.

గొట్టం కొలతలు సరిగ్గా రాకపోతే మాత్రం షీటు మానేయండి. లోపలి బీమ్‌కి ప్యాకింగ్ టేపు రెండు పొరలు చుట్టి, మైనం రుద్ది, సందులోకి గ్రాఫైట్ పొడి, సిలికా కలిపిన ఎపాక్సీ ఎక్కిస్తే బేరింగ్ అక్కడికక్కడే అచ్చుపోసినట్టు వస్తుంది. అల్యూమినియం బీమ్‌కైతే గ్రాఫైట్ వద్దు, ఉప్పునీళ్లలో లోహాన్ని తినేస్తుంది.