పర్లాకిమిడిలో ఆఫీసు భోజనం: క్యారియర్లు వెనక్కి పట్టుకెళ్లే సంఘం

మా ఆఫీసుకి మధ్యాహ్నం భోజనం పంపే మహిళా సంఘానికి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. తగ్గిన ఒక్కటీ పులుసు ఖాతాలో పడింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మాది ఆంధ్రా బోర్డరు పక్కనే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో చిన్న ట్యాక్స్ ఆఫీసు. అన్నయ్యా నేనూ నడుపుతాం. జీఎస్టీ రిటర్నులు, ఇన్‌కమ్ ట్యాక్స్, షాపుల లెక్కలు మా పని. కరోనాకి ముందు ఎవరి బాక్సు వాళ్లు తెచ్చుకునేవారు, టీ గాజు గ్లాసుల్లో వచ్చేది. 2020లో ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు ముట్టుకోవాలంటే భయం పట్టుకుంది. టీ కాగితం కప్పుల్లోకి, కూరలు ప్లాస్టిక్ కవర్లలోకి, నీళ్లు చిన్న సీసాల్లోకి వెళ్లిపోయాయి. జబ్బు తగ్గింది గానీ అలవాటు తగ్గలేదు. శుభ్రంగా కడిగితే మళ్లీ మళ్లీ వాడే గిన్నెలు, కప్పులతో భయం లేదని 2020 జూన్‌లోనే 18 దేశాలకు చెందిన వందమందికి పైగా ఆరోగ్య నిపుణులు సంతకాలు పెట్టి మరీ చెప్పారు. ఆ మాట మా మేడ మెట్లు ఎక్కడానికి చాలాకాలం పట్టింది. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతా నిషేధించారు. అయినా మా చెత్తబుట్ట ఏమీ చిక్కిపోలేదు. కాగితం కప్పు ఆ జాబితాలో లేదు కదా.

ఈలోగా అన్నయ్యకి పర్యావరణం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. డజను స్టీలు కంచాలు, డజను గ్లాసులు కొనుక్కొచ్చి "ఇకనుంచి ఇవే" అని టేబుల్ మీద పెట్టాడు. మా ఆఫీసు ఊడ్చి తుడిచే ఆవిడ వాటి వంక ఓసారి చూసి, "ప్లాస్టిక్ మానేది తమరు, తోమేది నేనా బాబూ?" అంది. జీతం పెంచుదామని నేనన్నాను. చూద్దాంలే అన్నాడు అన్నయ్య. మా ఇంట్లో 'చూద్దాం' అంటే ఏమిటో నాకు తెలుసు. కంచాలు బీరువా పైకెక్కాయి.

ఆవిడ అడిగింది న్యాయమే. ఆఫీసుల్లో 'గ్రీన్' అని ఎవరు ఏం మొదలుపెట్టినా నేనిప్పుడు ముందు అదే అడుగుతున్నాను. కడిగేది ఎవరు? మోసేది ఎవరు? దానికి వాళ్లకి డబ్బులిస్తున్నామా?

ఈ సంఘం నాకు నచ్చింది సరిగ్గా అక్కడే. మహిళా సంఘాల కోసం ఒడిశా ప్రభుత్వం పెట్టిన మిషన్ శక్తి కింద ఏర్పడ్డ సంఘం ఇది. అందరూ చుట్టుపక్కల వీధుల ఆడవాళ్లే, సగంమంది ఇంట్లో తెలుగు, సగంమంది ఒడియా. అన్నం, కూరలు స్టీలు క్యారియర్లలో బ్యాటరీ ఆటో ఎక్కి వస్తాయి. సాయంత్రం అదే ఆటో వచ్చి ఖాళీ క్యారియర్లు పట్టుకెళ్తుంది. మేం గిన్నెలో మెతుకులు దులిపి మూత పెట్టి ఇస్తే చాలు. కవర్లలో కట్టిచ్చే హోటల్ కంటే భోజనానికి పది రూపాయలు ఎక్కువ. ఆ పది దేనికని అడిగితే సంఘం నడిపే ఆవిడ (మేమంతా 'నానీ' అనే పిలుస్తాం, ఒడియాలో అక్క అని) వేడినీళ్ల గ్యాసుకింత, తోమే ఇద్దరికింత, తిరుగు ఆటోకింత అని వేళ్ల మీద లెక్క చెప్పింది. అంత శుభ్రమైన లెక్క మా క్లయింట్లలో ఎవరూ నాకు చూపించిన పాపాన పోలేదు.

ఇక వంట. అన్నం వేడిగా, పలుకు లేకుండా ఉంటుంది. ఒకరోజు పప్పూ పులుసూ, మర్నాడు డాల్మా. డాల్మా వీళ్ల దగ్గరే తినాలి. కందిపప్పులో గుమ్మడికాయ, కంద, అరటికాయ, పచ్చిబొప్పాయి ముక్కలు మెత్తబడి కూడా విడివిడిగా కనిపిస్తాయి, పైన వేయించిన జీలకర్ర పొడి. ఆకుకూర వేపుడులో వెల్లుల్లి ధారాళంగా వేస్తారు. చారు మాత్రం పల్చన. మా జూనియర్ కుర్రాడు దాన్ని గ్లాసులో పోసుకుని తాగేస్తాడు. ఎండాకాలం పఖాళ ఇస్తారు. పులిసిన చద్దన్నం, నలిపిన వడియాల పొడి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. రుచికి వంక పెట్టలేను గానీ అది తిన్నాక రెండింటికి ఎవరి కళ్లూ తెరుచుకోవు. రిటర్నులకి ఆఖరి తేదీ ఉన్న వారంలో వద్దని చెప్పేశాను.

గుడ్లు, చేపలు కావలసినవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఒడియావాళ్ల కార్తీకం మనకంటే పక్షం ముందు మొదలవుతుంది, వాళ్లది పౌర్ణమికి ముగిసే నెల. ఆ నెలంతా సంఘం పొయ్యి మీదికి నీచు రాదు. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి, అంటే మళ్లీ నీచు మొదలుపెట్టే రోజు. ఆ రోజు వాళ్లు సంబరంగా చేపల కూర చేస్తే, ఇక్కడ మన తెలుగువాళ్లలో సగంమందికి అమావాస్య దాకా కార్తీకమే. కూర ఎదురుగా ఘుమఘుమలాడుతుంటే మా టైపిస్టు కిటికీ వైపు తిరిగి పెరుగన్నం తింటుంది. ఆ తర్వాత మార్గశిర గురువారాలు లక్ష్మీపూజ, అప్పుడూ శాకాహారమే, డెలివరీ కూడా ఆలస్యం.

కంచాలకు బదులు అడ్డాకు విస్తళ్లు ఇస్తారు. కంచాలైతే తిరుగు ఆటోలో బరువు, విస్తరాకైతే ఇక్కడే వదిలేయొచ్చు. గజపతి జిల్లా కొండల్లో అడ్డతీగ ఆకులు కోసి, ఎండబెట్టి, వెదురు పుల్లలతో కుట్టి సవర ఆడవాళ్లు సంతకి తెస్తారు. సంఘం అక్కడే కొంటుంది. బజారులో మెషిన్ మీద నొక్కిన అడ్డాకు ప్లేట్లూ దొరుకుతాయి, చూడ్డానికి అందంగా ఉంటాయి. కొనేముందు ఒకటి చింపి చూడండి. ఆకు వెనక అట్ట, మధ్యలో సన్నటి ప్లాస్టిక్ పొర ఉన్న రకం కూడా అమ్ముతున్నారు, అది మట్టిలో కలవదు.

చేత్తో కుట్టిన విస్తరితో చిక్కల్లా పులుసే. కుట్టు దగ్గర కారుతుంది. ఒకసారి బెండకాయ పులుసు ఒక బట్టల దుకాణం బిల్లుల కట్టలోకి దిగింది, ఆ ఏడాది స్క్రూటినీ వస్తే ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. వానాకాలం ఆకులు సరిగా ఆరక బూజు వాసన కొడతాయి. చెప్తే మార్చి ఇస్తారు, కానీ చెప్పాలి. దొన్నెలు పెట్టమని ఎన్నోసార్లు అడిగాను. నానీ "సరే అమ్మా" అంటుంది, దొన్నె రాదు.

తిన్న విస్తళ్లు తడి చెత్త బుట్టలో వేస్తాం, పొద్దున్న మున్సిపాలిటీ బండి పట్టుకెళ్తుంది. ఒడిశా పట్టణాల్లో తడి చెత్తని చిన్న చిన్న కేంద్రాల్లో ఎరువు చేసి 'మో ఖత' పేరుతో అమ్ముతున్నారు. మా మేడ మీద కరివేపాకు కుండీలో అదే వేశాం.

టీ సంఘం తేదు, వీధి చివర కొట్టు నుంచి వస్తుంది. కాగితం కప్పు లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. అందులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పావుగంట ఉంటే 25,000 దాకా ప్లాస్టిక్ రేణువులు కలుస్తాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చారు. ఇది కొట్టు కుర్రాడికి చెప్తే "పావుగంట టీ ముందు పెట్టుకుని కూర్చుంటారా మేడమ్, చల్లారిపోదూ?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు గానీ గాజు గ్లాసులు మళ్లీ తెప్పించుకున్నాం. కడిగేది కొట్టువాళ్లే.

మిగతా మార్పుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది, దాని బదులు పెట్టించిన కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను ముప్ఫై చిల్లరతో సరిపెట్టుకుంటుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఎక్కువసేపు లాగుతోంది, కాబట్టి ఎవరూ గొణగలేదు. కాగితం వాడకం తగ్గిద్దామన్న ప్రయత్నం మాత్రం క్లయింట్ల దగ్గరే ఆగిపోయింది. పీడీఎఫ్ మెయిల్ చేస్తే ప్రింటు తీసి, జిరాక్స్ చేయించి, రెండూ పట్టుకొస్తారు.

మీ ఆఫీసుకి కావాలంటే ముందురోజు సాయంత్రానికి ఎంతమందో చెప్పాలి, ఐదు భోజనాలకి తక్కువైతే తేరు. డబ్బు నెలకోసారి ఫోన్‌పేలో తీసుకుంటారు. కారం తక్కువ కావాలంటే మొదటిరోజే చెప్పండి. పాతపట్నంలో మాకు తెలిసిన ఇద్దరు కూడా అడిగారు. ఇక్కడినుంచి బోర్డరు దాటితే అదే. కానీ నానీ ఇంకా ఒప్పుకోలేదు. భోజనం పంపడం కష్టం కాదట, సాయంత్రం క్యారియర్లు వెనక్కి తెచ్చే మనిషి దొరకాలట.