ఇనుప కత్తిపీట: పదేళ్లు దాటాక నా మార్కులు

మా ఇంట్లో ఉన్నది కమ్మరి కొట్టిన ఇనుప కత్తిపీట. గోదావరి వైపు ఒక వారపు సంతలో కొన్నది, అప్పట్లో ఐదొందల లోపే పడింది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లోకి వచ్చి పదేళ్లు దాటింది. దాంతో పాటు ఎనిమిదంగుళాల స్టీలు షెఫ్ కత్తి ఒకటి, చిన్న చాకు ఒకటి ఉన్నాయి, మూడూ పనిలోనే ఉంటాయి. కాబట్టి పాతకాలపు వస్తువులన్నీ బంగారం అనే పాట ఇక్కడ పాడబోవడం లేదు. కొన్ని పనులకి దీన్ని మించింది లేదు, కొన్నిటికి దీన్ని బయటికి తీయడమే దండగ. ఏవి ఏవో చెప్తాను.

కత్తితో కోసేటప్పుడు ఒక చెయ్యి కత్తికే పోతుంది. కత్తిపీట దగ్గర అలుగు, అంటే పీటకి నిలువుగా బిగించిన కత్తి, కదలదు, పీటని కాలితో తొక్కిపట్టి కూర్చుంటాం, రెండు చేతులూ కూరగాయ మీదే ఉంటాయి. ఇదేమంత పెద్ద విషయమా అనిపిస్తుంది గానీ గుత్తివంకాయ చేసే రోజు తేడా తెలుస్తుంది. తొడిమ ఊడకుండా నాలుగు పక్షాలుగా చీల్చాలంటే కాయని చేతిలో తిప్పుకుంటూ అలుగు మీదకి నొక్కడమే, ఎంత లోతు దిగిందో వేళ్లకే తెలిసిపోతుంది. పైగా అలుగు కింద ఉప్పునీళ్ల గిన్నె పెట్టుకుంటే ముక్కలు కోసినవి కోసినట్టే నీళ్లలో పడతాయి. బోర్డు మీద అయితే అరకిలో వంకాయలు పూర్తయ్యేసరికి మొదట కోసినవి రంగు తిరిగి ఉంటాయి. అరటికాయ వేపుడుకీ ఇంతే, నీళ్లలో కాస్త మజ్జిగ కలుపుకోవాలి. బెండకాయలు నాలుగైదు గుప్పిట్లో పట్టుకుని ఒకేసారి కోసేయొచ్చు, జిగురు అంటుకోవడానికి అక్కడ బోర్డే లేదు.

అసలు దీని ప్రతాపం పెద్దకాయల దగ్గర. గుమ్మడికాయ, కంద, పనసకాయ, ఈ మూడింటినీ షెఫ్ కత్తితో కోయాలంటే నాకు ఇప్పటికీ టెన్షనే, కత్తి మధ్యలో ఇరుక్కుంటుంది, లాగితే ఎటు జారుతుందో చెప్పలేం. కత్తిపీట మీద కాయని రెండు చేతులతో పట్టుకుని ఒంటి బరువంతా వేయొచ్చు. పనసకాయకి మాత్రం ముందు అలుగుకీ చేతులకీ నూనె రాసుకోవాలి, లేకపోతే ఆ పాలు అంటుకుని సబ్బుకి కూడా వదలవు. పనసపొట్టు దీని మీద అయ్యే పని కాదు, చెక్కు తీసి పెద్ద ముక్కలు చేసేవరకే, ఆ తర్వాత బరువైన కత్తితో దంచి కొట్టాల్సిందే. కోనసీమ సంతల్లో అది కొట్టి అమ్మేవాళ్ల చెయ్యి చూస్తే మనం ఇంట్లో ప్రయత్నించడం మానేస్తాం, అది వేరే సంగతి.

ఈ మధ్య జపాన్ కత్తులు కొనేవాళ్లు ఎక్కువయ్యారు కదా, వాళ్లకో మాట. ఆ కత్తుల ఉక్కు గట్టిది, గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ కొలతలో సాధారణంగా 60, ఆపైన ఉంటుంది. జర్మన్ తరహావి చాలావరకు 56 నుంచి 58 దగ్గర ఆగుతాయి. గట్టిది కాబట్టి పదును ఎక్కువ కాలం నిలుస్తుంది, అదే కారణంగా గుమ్మడికాయలో పెట్టి అటూ ఇటూ మెలితిప్పితే అంచు పెంకులా ఊడిపోతుంది. కమ్మరి కొట్టిన ఇనుప అలుగుకి ఆ భయం లేదు. మహా అయితే మొద్దుబారుతుంది, లేదా అంచు కాస్త వంగుతుంది, మళ్లీ సాన పెడితే దారిలోకొస్తుంది.

ఇక తేలిపోయే చోట్లు. ఉల్లిపాయ సన్నగా తరగాలంటే కత్తీ బోర్డే. నేను కత్తిపీట మీద తరిగితే ముక్కలు ఒక్కోటి ఒక్కో సైజు వస్తాయి, బిర్యానీకి వేయించే ఉల్లిపాయల్లో సగం మాడి సగం పచ్చిగా ఉంటాయి. మా అత్తగారు దీని మీదే వెంట్రుకల్లా తరుగుతారు, అది ఆవిడ చెయ్యి, కత్తిపీట ఖాతాలో వేయలేను. టమాటా, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, వీటికీ కత్తే. నిమ్మకాయ ఊరగాయకి ఇనుము తగలనివ్వను, పులుపు తగిలిన చోటల్లా ముక్కకి ఇనుప వాసన పడుతుంది. అరటిపువ్వు, అరటిదూట కోస్తే అలుగూ నల్లబడుతుంది, వేళ్లూ నల్లబడతాయి, వాటిలోని వగరు ఇనుముతో కలిసి నల్లరంగు అవుతుంది మరి. తినడానికి ఇబ్బందేమీ లేదు గానీ ఆ పూట చేతులు ఎవరికీ చూపించబుద్ధి కాదు. ఆవకాయ కాయలు టెంకతో సహా కొట్టడానికి మామూలు కత్తిపీట పనికిరాదు, దానికి పీటకి బిగించిన బరువైన మామిడికాయల కత్తి వేరే ఉంటుంది. నేనైతే మార్కెట్లో కాయలు కొన్నచోటే కొట్టించుకుని, ఇంటికొచ్చి జీడి తీసి పొడిబట్టతో తుడుచుకుంటాను.

తుప్పు గురించి అందరూ అడుగుతారు. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి, ఇందులో అది లేదు, కాబట్టి తడిగా వదిలేస్తే పట్టుమని గంటకే ఎర్ర మచ్చలు తేలతాయి, వానాకాలంలో అయితే ఇంకా త్వరగా. కోయడం కాగానే కడిగి, వెంటనే పొడిబట్టతో తుడిచి, వారం రోజులు వాడం అనుకుంటే కొబ్బరినూనె చుక్క పూస్తాను. అంతకుమించి సేవలేమీ లేవు. వాడగా వాడగా అలుగు బూడిద రంగులోకి తిరిగింది, ఆ పొర వచ్చాక తుప్పు బాగా తగ్గింది. దాన్ని మురికి అనుకుని స్క్రబ్బర్‌తో మెరిసేదాకా తోమేయకండి, తోమిన ప్రతిసారీ కథ మొదటికొస్తుంది. నిజంగా తుప్పు పట్టినప్పుడు చింతపండు పిప్పితో రుద్ది కడిగేస్తే చాలు. పని మనిషికి ఈ సంగతి విడిగా చెప్పి పెట్టుకోవాలి, లేకపోతే సింకులో నానబెట్టేస్తారు. పీట కూడా చెక్కే కదా, నానితే ఉబ్బుతుంది, ఆరాక అలుగు దిగిన చోట వదులవుతుంది.

సాన విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. సైకిల్‌కి చక్రం బిగించుకుని వీధుల్లో తిరిగే సానవాళ్లు మా వైపు ఇంకా అప్పుడప్పుడు వస్తుంటారు. వాళ్లలో పనితనం ఉన్నవాళ్లు ఒక్కసారి ఆనించి తీస్తారు, నీళ్లలో ముంచుతారు, మళ్లీ ఆనిస్తారు. కొందరు నిప్పురవ్వలు పండగలా ఎగిరేటట్టు ఒకటే ఒత్తుడు. అలా చేస్తే సన్నటి అంచు వేడెక్కి నీలం రంగు తేలుతుంది, నీలం తేలిందంటే ఆ మేర ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఎంత పదును పెట్టినా వారానికే మొద్దుబారుతుంది. కాబట్టి పక్కన నిలబడి చూడండి, నీళ్లు ముంచమని అడగండి, మొహమాటపడకండి. ఇంట్లో చేసుకోవాలంటే కొడవలికి వాడే పొడవాటి సానరాయి ఉంటుంది, అది చాలు. కత్తి అయితే రాయి మీద కత్తిని నడిపిస్తాం, ఇక్కడ అలుగు కదలదు కాబట్టి తడి రాయినే అలుగు వెంబడి కింది నుంచి పైకి నడిపించాలి, రెండు పక్కలా. నెలకోసారి ఈ పని పెట్టుకుంటే సానవాడి అవసరం ఏడాదికోసారి కూడా రాదు. పదునుగా ఉన్నదే భద్రం, మొద్దుబారిన దాని మీద బలం వేస్తాం, తెగేది అప్పుడే.

మధ్యలో స్టీలు మడత కత్తిపీట ఒకటి కూడా వాడి చూశాను, దాని సంగతి. పేరున్న కంపెనీదే, పేరు వద్దులెండి. చూడ్డానికి ముచ్చటగా ఉంది, సింకులో వదిలేసినా తుప్పు పట్టలేదు, అక్కడితో పొగడ్తలు అయిపోయాయి. అలుగు పల్చన, కంద మీద ఒత్తితే పక్కకి ఒరిగేది. మడత దగ్గరి బోల్టు కొన్ని నెలలకే వదులైంది, ఎంత బిగించినా అలుగు కదిలేది. కదిలే అలుగు మీద చేతులు పెట్టడం నాకు భయం. కింద అతికించిన రబ్బరు కప్పులు మొజాయిక్ నేల మీద పట్టవు, గ్రానైట్ మీద మాత్రం పట్టాయి. చివరికి ఎవరికీ ఇవ్వలేక పాత సామాన్లకి వేసేశాను.

కోరాము నా ఇనుప దానికి అలుగు చివరే ఉంది. కొబ్బరి కోరడానికి బాగుంటుంది, మెత్తగా, పొడిపొడిగా వస్తుంది, మిక్సీలో తిప్పిన కొబ్బరికి ఆ రుచి రాదు, కొబ్బరన్నంలో ఇట్టే తెలిసిపోతుంది. ఇబ్బందల్లా కోరేటప్పుడు కింద అలుగు మనవైపే చూస్తూ ఉంటుంది, చిప్ప జారితే మణికట్టు నేరుగా దాని మీదకే. నేను పాత గోనెసంచి ముక్క ఒకటి అలుగుకి చుట్టి కోరతాను. పిల్లలు ఉన్న ఇంట్లో దీన్ని వాడగానే అలుగు గోడవైపు తిప్పి పక్కకి పడుకోబెట్టాలి, నిలబెట్టి వదిలి ఫోన్ ఎత్తడానికి వెళ్లకూడదు. మాకు సింకు కింద గడియ ఉన్న అలమరా ఉంది, అందులోకి పోతుంది.

చేపలకి ఇదే వాడొచ్చా అంటే వాడొచ్చు, మార్కెట్లో చేపలు కోసేవాళ్ల ముందు ఉండేది దీని పెద్దన్నే. కానీ శాకాహారం వండే రోజులున్న ఇళ్లలో విడిగా ఒకటి పెట్టుకోవడమే సుఖం, లేదంటే కడగడం దగ్గరే గొడవలు మొదలవుతాయి.

కొనేటప్పుడు రెండు చూడండి. అలుగు మొదలు చెక్కలోకి దిగి అవతలివైపు వంచి కొట్టి ఉండాలి, పైపైన రెండు స్క్రూలు వేసింది అయితే వదిలేయండి. పీట బరువుగా, తొక్కితే ఎటూ ఊగకుండా ఉండాలి. విదేశాలకి తీసుకెళ్లేవాళ్లు చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి, చేతి సంచిలో రానివ్వరు, అలుగుకి అట్ట చుట్టి టేపు వేస్తే పెట్టె తెరిచి చూసేవాళ్ల చేతులకీ మంచిది.

ఇక మోకాళ్లు. నా మార్కుల్లో కోత పడేది ఇక్కడే. నాకే ఈ మధ్య అరగంట కింద కూర్చుని లేస్తే పట్టేస్తోంది, అందుకే రోజువారీ కూరల్లో సగం కత్తికి మారిపోయాయి, ఇది ఆదివారాలకీ పెద్దకాయలకీ మిగిలింది. కింద కూర్చోలేనివాళ్ల కోసం గట్టుకి క్లాంపుతో బిగించుకునే రకం దొరుకుతోంది. అది నేను వాడలేదు కాబట్టి దానికి మార్కులు వేయను. నా దానికి మాత్రం పదికి ఎనిమిది.