నైట్రో ట్రక్కు కొనాలనుకునేవాళ్లకి: చాలాకాలం నడిపాక నా అభిప్రాయం

నైట్రో అంటే నైట్రోమీథేన్ కలిసిన ఇంధనంతో, బుల్లి ఇంజిన్ మీద నడిచే రిమోట్ కంట్రోల్ బండి. స్పీడు ఒక్కటే కావాలంటే దీని జోలికి పోకండి. ఇప్పుడొచ్చే బ్రష్‌లెస్ మోటారు బండ్లు బ్యాటరీ తగిలించగానే దూసుకుపోతాయి, వేగంలో దీన్ని సులువుగా దాటేస్తాయి. నైట్రో కొనేది ఇంజిన్ కోసం. నిమిషానికి 30,000 చుట్లు దాటి తిరిగే బుల్లి టూ-స్ట్రోక్‌ని చెవితో విని దారికి తెచ్చుకోవడంలో మజా ఉందనిపిస్తేనే ముందుకెళ్లండి.

1999లో ట్రాక్సాస్ వాళ్ల టీ-మ్యాక్స్ వచ్చాక ఈ రకం మాన్‌స్టర్ ట్రక్కులకి గిరాకీ బాగా పెరిగింది. నేను వాడుతున్నదీ ఆ కోవదే: 3.3 సీసీ ఇంజిన్, నాలుగు చక్రాలకీ డ్రైవ్, ఎలక్ట్రిక్ స్టార్టర్. తాడు లాగే పుల్ స్టార్ట్ కంటే ఈ స్టార్టర్ ఎంతో నయం, దీనికి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. గంటకు 70 కిలోమీటర్ల దాకా పోతుందని ఇలాంటి బండ్ల డబ్బాల మీద రాస్తారు. ట్యూనింగ్ కుదిరిన రోజున, ఎదురుగా ఖాళీ జాగా ఉంటే, ఆ మాట నమ్మబుద్ధేస్తుంది.

బండి కొంటే ఖర్చు అయిపోదు. ఇంధనం, అది పోసే సీసా, గ్లో ప్లగ్‌ని (ఇంజిన్‌లో ఇంధనాన్ని అంటించే ప్లగ్) వేడిచేసే ఇగ్నైటర్, అదనంగా నాలుగు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్‌కి పట్టించే నూనె, ఇంజిన్ వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కావాలి. ఇంధనమంటే పెట్రోలు కాదు. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ద్రవం. మొదలుపెట్టేవాళ్లకి 20 శాతం నైట్రో ఉన్నది సరిపోతుంది. మిథనాల్ విషం, చర్మంలోంచి కూడా ఒంట్లోకి వెళ్తుంది. దాని మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. గాలిలో తేమనీ పీల్చుకుంటుంది కాబట్టి మూత గట్టిగా బిగించాలి.

ఇక బ్రేక్-ఇన్, అంటే కొత్త ఇంజిన్‌ని మెల్లగా అలవాటు చెయ్యడం. చాలామంది ఓపిక చచ్చిపోయేది ఇక్కడే. పిస్టన్ అల్యూమినియం, అది పైకీ కిందికీ ఆడే గొట్టం, అంటే స్లీవ్, క్రోమ్ పూసిన ఇత్తడి. స్లీవ్ పైకి పోయేకొద్దీ కొంచెం సన్నబడుతుంది కనుక చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైన బిగుసుకుంటుంది. కొత్త ఇంజిన్ తిరగడానికి మొరాయిస్తే చెడిపోయిందని కంగారుపడొద్దు, అది అలాగే ఉండాలి. మొదటి నాలుగైదు ట్యాంకులు ఇంధనం ఎక్కువగా పోయేలా రిచ్‌గా పెట్టి, మొదట ఐడిల్ మీద, తర్వాత మెల్లగా నడపాలి. ట్యాంకు ట్యాంకుకీ మధ్య ఆపినప్పుడు ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ని కిందికి దించి చల్లారనివ్వాలి. పైనే వదిలేస్తే చల్లారుతూ ముడుచుకునే స్లీవ్ దాన్ని పట్టేసి, ఆ బిగుతు త్వరగా అరిగిపోతుంది.

ట్యూనింగ్ అంతా రెండు నీడిళ్లలో, అంటే కార్బ్యురేటర్‌లో ఇంధనం ఎంత పోవాలో సర్దే మరల్లో ఉంది. ముందు హై స్పీడ్, తర్వాత లో స్పీడ్, చివర్లో ఐడిల్ స్క్రూ. కుడివైపు తిప్పితే లీన్ (ఇంధనం తగ్గుతుంది), ఎడమకి తిప్పితే రిచ్. ఒక్కసారికి గడియారంలో ఒక గంట జరిగినంత మాత్రమే తిప్పండి, తర్వాత ఒక రౌండు కొట్టి చూడండి. ఫుల్ థ్రాటిల్‌లో వెనకాల సన్నటి నీలం పొగ ఎప్పుడూ కనిపించాలి. ఆ పొగ ఆగిందంటే ఇంజిన్‌కి నూనె సరిగా అందట్లేదనే అర్థం, ఎందుకంటే నూనె వచ్చేది ఇంధనంతోనే. ఆ స్థితిలో బండి మహా జోరుగా పోతుంది, అదే మోసం. నా బండి 105 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య హాయిగా ఉంటుంది, కానీ అంకె కంటే పొగనే ఎక్కువ నమ్ముతాను. లో స్పీడ్ చూడాలంటే ఐడిల్‌లో ఉండగా కార్బ్యురేటర్ దగ్గర ఇంధనం పైపు నొక్కండి. రెండు మూడు సెకన్లలో కాస్త స్పీడు పెరిగి ఆగిపోతే బాగున్నట్టు. వెంటనే ఆగిపోతే లీన్, చాలాసేపు గీపెట్టి ఆగితే రిచ్. చలి పెరిగితే గాలి చిక్కబడుతుంది, నీడిల్ కొంచెం తెరవాల్సిందే. నిన్నటి సెట్టింగు ఇవాళ పనిచెయ్యలేదని బండిని తిట్టుకోకండి.

తరచూ పోయేది గ్లో ప్లగ్. ఇందులో స్పార్క్ ఉండదు. ఇగ్నైటర్ మొదట్లో వేడి ఇస్తుంది, తర్వాత మిథనాల్ తగిలి ప్లాటినం తీగే ఎర్రగా మండుతూ ఉంటుంది. ఇగ్నైటర్ తీయగానే ఇంజిన్ ఆగితే ముందు ప్లగ్ మార్చి చూడండి. అప్పటిదాకా బాగా తిరిగిన స్టార్టర్ ఉన్నట్టుండి మూలుగుతూ తిరగకపోతే మాత్రం లోపల ఇంధనం నిండినట్టే. ప్లగ్ విప్పి, గుడ్డ కప్పి తిప్పితే బయటికి చిమ్మేస్తుంది.

ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ గానీ బ్యాటరీ గానీ పోతే థ్రాటిల్ దానంతటదే మూసే ఏర్పాటు) లేని బండి తీసుకోకండి. బండిలో రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ బ్యాటరీ పడిపోతే థ్రాటిల్ తెరుచుకునే ఉండొచ్చు, నాలుగైదు కిలోల బరువు ఎవరి కాళ్ల మీదికైనా దూసుకెళ్లొచ్చు. ముందు రిమోట్ ఆన్ చేసి తర్వాతే బండి ఆన్ చెయ్యాలి, ఆపేటప్పుడు దీనికి తిరగేసి.

నడపడం అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన ఇంధనం ఇంజిన్‌లోనే కాలిపోనిచ్చి, ప్లగ్ రంధ్రంలో రెండు చుక్కల ఆఫ్టర్-రన్ ఆయిల్ వెయ్యాలి. లేదంటే బేరింగులు తుప్పు పడతాయి. ఇంత బాధ్యత పెద్దవాళ్లకి సరదా, చిన్నపిల్లలకి కాదు. సైలెన్సర్ చెయ్యి కాలుస్తుంది, ఇంధనం విషం, చప్పుడు చుట్టుపక్కల వాళ్లకి నచ్చదు. బాబుకో పాపకో కానుక ఇవ్వాలనుకుంటే బ్యాటరీ బండి ఇవ్వండి.