జువెనైల్ జస్టిస్ బోర్డు సేవలు: బాలుడికి బాగానే ఉన్నాయి, తల్లిదండ్రులకే దారి తెలియదు

చిన్న దొంగతనం ఆరోపణపై పట్టుబడిన ఒక మైనరు బాలుడి తల్లిదండ్రులకు తోడుగా వెళ్లడం వల్ల, ఉమ్మడి వరంగల్ జిల్లాలో, నేరారోపణ ఉన్న మైనర్ల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు సేవలు ఎలా నడుస్తున్నాయో చూసే అవకాశం నాకు కలిగింది. బాలుడిని గుర్తుపట్టే వివరాలను ప్రచురించడాన్ని 2015 బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది కనుక ఊరు, ఠాణా, కార్యాలయాల పేర్లు రాయడం లేదు.

బోర్డు విచారణ నన్ను ఆశ్చర్యపరిచింది. అక్కడ ఎత్తయిన వేదిక గానీ బోను గానీ లేదు. మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు మామూలు బల్ల దగ్గర కూర్చుని, నేరం సంగతి ఎత్తకముందే బడి ఎందుకు మానేశావని అడిగారు. ఆ చట్టం కింద వచ్చిన 2016 నియమాలు చెప్పేదీ ఇదే అయినా, నియమం ఉన్నది ఉన్నట్టుగా అమలు కావడం మన కార్యాలయాల్లో ఎంత అరుదో అందరికీ తెలిసిందే. ప్రొబేషన్ అధికారి ఇంటికి వచ్చి, తండ్రి తాగుడు, బాలుడి స్నేహాలు, ఇంటి అప్పుల గురించి తల్లితో ఓపికగా మాట్లాడి సామాజిక విచారణ నివేదిక తయారు చేశారు. ఈ వ్యవస్థలో అందరికన్నా విలువైన పని ఆయనదేనని నా అభిప్రాయం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ న్యాయవాదిని ఉచితంగా ఇచ్చింది.

అసలు లోపం ఠాణాలోనే మొదలైంది. పిల్లవాడిని పట్టుకోగానే తల్లిదండ్రులకు తెలియజేయాలని, 24 గంటల్లోపు బోర్డు ముందు హాజరుపరచాలని, లాకప్‌లో ఉంచరాదని చట్టం చెబుతుంది. హాజరుపరచడం సకాలంలోనే జరిగింది గానీ, కబురు మాత్రం ఇంటికి పక్కవాళ్ల నోట చేరింది. చిన్న నేరాలకు సాధారణంగా ఎఫ్ఐఆర్ ఉండదని, ఠాణా రోజువారీ పుస్తకమైన జనరల్ డైరీలో నమోదు మాత్రమే చేస్తారని ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. ఆ ఖాళీలోకి ఒక పైరవీకారుడు దూరి, బెయిలు ఇప్పిస్తానని డబ్బు అడిగాడు. 12వ సెక్షన్ ప్రకారం, పిల్లవాడు నేరస్థుల సాంగత్యంలో పడతాడనో, అతనికి ప్రమాదం కలుగుతుందనో, న్యాయానికి విఘాతమనో నమ్మే కారణం ఉంటే తప్ప, నేరం బెయిలబులా కాదా అన్నదానితో నిమిత్తం లేకుండా బెయిలు ఇవ్వాలి. జామీను లేకుండా కూడా ఇవ్వవచ్చు. ఇది తెలియని కూలి కుటుంబం దాదాపు అప్పు చేయబోయింది.

వాయిదాలూ భారమే. చిన్న నేరాలలో విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే మరో రెండు నెలల్లో ముగియకపోతే కేసు అక్కడితో ఆగిపోవాలి. అయినా ప్రతి వాయిదాకూ తండ్రి కూలి పోగొట్టుకొని బస్సెక్కవలసిందే.

కేసు ముగిశాక రేపు పోలీసు ఉద్యోగానికి ఇది అడ్డు వస్తుందా అని తల్లి అడిగితే, బయటికి వచ్చేటప్పుడు న్యాయవాది 24వ సెక్షన్ గురించి చెప్పారు. పెద్దవాడిగా విచారించిన ఘోర నేరాలలో తప్ప, ఈ నిర్ణయం వల్ల అనర్హత కలగదు. ఆ మాట ఠాణాలోనే, తెలుగులో, ఒక కాగితంపై రాసి ఆమె చేతిలో పెట్టవలసింది. అందుకే బోర్డుకు ఐదుకు నాలుగు, కుటుంబానికి అందిన సమాచారానికి ఒకటి ఇస్తున్నాను. ఇలాంటి కబురు వచ్చినవారు పైరవీకారుడి దగ్గరికి కాక, బాలల సహాయవాణి 1098కి గానీ, న్యాయ సహాయం కోసం 15100కి గానీ ముందుగా ఫోన్ చేయాలి.